మీ అడుగులు వేరు, మా అడుగులు వేరు

మొన్న మంగళవారం పొద్దన్నే మా వీధిని 30 అడుగుల రోడ్డుగా వెడల్పు చేయాలని టేపు పట్టుకుని వచ్చిన సార్లకు, వాళ్లను పంపిన పెద్దసార్లకు, మా ఓట్లతో గెలిచిన నాయకులకు, కర్నూలు పాతబస్తీలో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఉండే ఒక వీధి నుంచి ఒక ఇల్లాలు రాసుకునే జాబు. వీధి పేరు రాయను. రాస్తే మీరు మా వీధొక్కటే చూస్తారు, ఇట్లాంటి వీధులు ఇక్కడ ఎన్ని ఉండాయో మీకూ తెలుసు.

ఆరోజు మీరు గోడల మీద ఎర్ర రంగుతో నెంబర్లు వేస్తాంటే మా అత్తమ్మ లోపల్నించి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది, గుర్తుండాదా? నీళ్లు తాగి చెంబు అరుగు మీద పెడతా, మీలో ఒకాయన ఇంకొకాయనతో "ఇంత సందులో ఎట్ల బతుకుతాండారప్పా వీళ్లు" అన్నారు. నేను గడప లోపల బియ్యం ఏరుకుంటాంటి, వినపడింది. కోపం రాల్యా, నిజం చెప్తాండా, ఆయన ఎగతాళిగా కూడా అనలేదు, పాపం అన్నట్టే అన్నారు. కానీ అప్పట్నించి ఆ మాట చెవిలోనే తిరుగుతాంది. ఎట్ల బతుకుతాండామో అడిగినారు కాబట్టి చెప్తా, కొంచెం పెద్ద జాబే, ఓపిగ్గా చదవండి.

మీరు అడుగులు కొలిచినారు. వీధి మొదట్లో 12 అడుగులు, మసీదు మలుపు కాడ 9, మళ్లీ చివర 13. నేను ఆ సాయంత్రమే నా అడుగులు లెక్కపెట్టినా, చెప్పులేసుకుని, పిల్లోళ్లు నవ్వుతాంటే. మా గడప నుంచి ఉగ్గాని అంగడికి 64 అడుగులు. పిండి మిషన్‌కు 110. పాలపాకెట్ల బంకుకు 40, మందుల షాపుకు 230, మా చిన్నోడి ట్యూషన్‌కు 85, కుట్టుమిషన్ అక్క ఇంటికి 22. బురుజు దాకా పోవాలంటే 900 పైన అయినాయి, మధ్యలో ఒకామె పలకరించి ఆపేసింది, లెక్క తప్పిపోయినా, కాబట్టి అది కచ్చితం కాదు. మీ అడుగుల్లో మా వీధి చానా తక్కువ, మా అడుగుల్లో చూస్తే మాకు కావాల్సినవన్నీ దగ్గరే. మీ అడుగులు పెంచితే మా అడుగులు కూడా పెరుగుతాయి, ఈ జాబులో నేను చెప్పాలనుకునేది అంతే, మిగతాదంతా వివరం.

పొద్దన ఐదుకి ఒకపక్క అజాన్, కొంచేపటికి గుడి మైకులో సుప్రభాతం, ఈ రెండిటి మధ్య కొళాయి. నీళ్లు వదిలే టైములో వీధంతా బిందెలే. ఎండకాలం సుంకేసుల బ్యారేజీ కాడ నీళ్లు తగ్గినప్పుడు ఆ టైము ఇంకా తగ్గుతాది, కానీ మాకు బయటి విషయాలు తెలిసేది ఆడనే. ఎవరింట్లో జొరం, ఎవరి పాపకు సంబంధం కుదిరింది, రేషన్ ఎప్పుడిస్తారు, ఏ బంకులో ఉల్లిగడ్డ రెండు రూపాయలు తక్కువ. ఫోన్‌లో గ్రూపు కూడా ఉండాది, దాంట్లో గుడ్‌మార్నింగ్ పూలు తప్ప ఏం రావు.

ఆరుకు ఉగ్గాని తిరగమాత వాసన మొదలయితాది. మీకు తెలియని విషయమేం కాదు, మీరూ ఈ ఊరోళ్లే, బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పుట్నాలపప్పు పొడి చల్లి పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే ఎవరైనా ఆగాల్సిందే. ఆ అంగడి ఆమె భర్త పోయి చానా ఏండ్లయింది, ఆ పొయ్యి మీదనే ఇద్దరు పిల్లల్ని చదివించింది. కూర్చోడానికి టేబుల్ ల్యాదు, కుర్చీ ల్యాదు, ఎదురింటి అరుగే ఆమె హోటల్. ఆ ఎదురింటోళ్లు బాడుగ అడగరు, రోజూ రెండు పొట్లాలు పోతాయి వాళ్లింట్లోకి, అదే బాడుగ. రేపు 30 అడుగుల రోడ్డు పడితే ఆమె అవతల ఒడ్డు, అరుగు ఇవతల ఒడ్డు, అసలు అరుగే ఉండదు కదా, మర్చిపోయినా.

ఇక అరుగుల సంగతి. బేతంచెర్ల నాపబండలు, మా మామ తండ్రి కాలంలో ఎద్దులబండి మీద తెచ్చి పరిచినవంట. నడిమధ్యన అరిగి పళ్లెం లాగా గుంత పడింది, అంతమంది కూర్చున్నారు. పైటాల మా అత్తమ్మ, పక్కింటి ఖాలా, మూడో ఇంటి జేజి ముగ్గురూ ఆడ కూర్చుంటారు. చిక్కుడుకాయలు ఒలుస్తా, చింతపండు గింజ తీస్తా, వీధిలో పోయే ప్రతి మనిషినీ చూస్తాంటారు. కొత్త మనిషి వస్తే "ఎవరు కావాల నాయనా" అని అడగకుండా వదలరు. మీరొచ్చిన రోజు కూడా మిమ్మల్ని మొదట అడిగింది వాళ్లే. ఇప్పుడు కాలనీల్లో సీసీ కెమెరాలు పెట్టుకుంటాండారు, మాకు ఈ ముగ్గురున్నారు, కరెంటు పోయినా పనిచేస్తారు. మా చిన్నోడికి ఎనిమిదేండ్లు, ట్యూషన్‌కు వాడొక్కడే పోయొస్తాడు. మా మరిది వాళ్లు ఊరవతల కొత్త వెంచర్‌లో ఉంటారు, 40 అడుగుల రోడ్డు, ఇంటి ముందర వేపచెట్టు, అన్నీ బాగుండాయి, కానీ వాళ్ల పాపకు పన్నెండేండ్లు వచ్చినా పెన్ను కొనుక్కోవాలంటే నాయన బండి తీయాల్సిందే. మా తోడికోడలు ఆదివారం మా ఇంటికొస్తే ఆ పాప మధ్యాహ్నమంతా వీధిలోనే ఉంటాది, పోదాం రా అంటే ఏడుస్తాది.

ఎండ గురించి మీకు చెప్పాల్నా. మే నెలలో మన ఊర్లో 42, 43 అంటే అది మామూలు రోజు. మా వీధి ఇరుకు కాబట్టే నడినెత్తిన పొద్దు ఉన్న ఆ గంట రెండు గంటలు తప్ప ఏదో ఒక గోడ నీడ ఉంటాది, పొద్దున ఈ పక్క, మాపటేళ ఆ పక్క. ముసలోళ్లు మందుల షాపుకు ఆ నీడ పట్టుకునే పోతారు. వెడల్పు చేసి సిమెంటు పోస్తే ఆ నీడ యాడ నుంచి తెస్తారు సార్? మొక్కలు నాటుతాము అంటారు, నాటండి, సంతోషమే, అవి పెద్దయ్యేలోపు మా జేజి ఉండాల కదా.

ఇప్పుడు మా ఇంటి లెక్క. సెంటుంబావు జాగా, ముందర వెడల్పు 18 అడుగులు, లోపలికి 30. 12 అడుగుల వీధిని 30 చేయాలంటే ఇంకా 18 కావాల, అంటే ఈ పక్క 9, ఆ పక్క 9. నాకు పెద్ద చదువు ల్యాదు, బట్టలషాపులో లెక్కలు రాస్తా, ఈ లెక్కయితే వస్తాది. మా 540 చదరపు అడుగుల్లో 162 పోతాది. పోయేది ఏందంటే అరుగు, ముందు గది, ఆ గదిలో అత్తమ్మ మంచం, మంచం పక్కన నా కొడుకులు చదువుకునే జాగా. వెనక మిగిలేది వంటిల్లు, ఒక గది, బాత్రూము. పరిహారం కింద టీడీఆర్ బాండు ఇస్తారంట, ఆ బాండు పెట్టి ఇంకో అంతస్తు కట్టుకోవచ్చు, లేదంటే బిల్డర్లకు అమ్ముకోవచ్చంట. పాత మిద్దె సార్ మాది, మట్టి గోడలు, దాని మీద అంతస్తు కడితే మొదటి వానకే బాండూ మేమూ కలిసి కిందకొస్తాము. బాడుగకుండేవాళ్లకు ఆ బాండు కూడా రాదు, మా వీధిలో సగం మంది బాడుగోళ్లే.

మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. అంబులెన్స్ వస్తే? ఫైరింజన్ వస్తే? ఇది వట్టి సాకు కాదు, దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటే నాకే సిగ్గు. శివరాత్రికి ముందు మా అత్తమ్మ రాత్రిపూట బాత్రూములో జారి పడింది. 108కు ఫోన్ చేస్తే తొందరగానే వచ్చింది, వచ్చి వీధి మొదట్లో నిలబడిపోయింది. అక్కడ ఒక తెల్ల కారు, ఎవరిదో తెలీదు, మా వీధోళ్లది కాదు, మార్కెట్టుకొచ్చి పెట్టిపోయినట్టుంది. హారన్ కొట్టినా ఎవరూ రాలేదు. చివరికి ఖాలా కొడుకులిద్దరూ, ఉగ్గాని అంగడి ఆమె పెద్దకొడుకు స్ట్రెచర్ తీసుకొచ్చి అడ్డమున్న మోటార్‌సైకిళ్లను ఎత్తి పక్కన పెడతా అత్తమ్మను మోసుకుని పోయినారు. బతికింది, తుంటి ఎముక బాగయింది, మొన్న మీకు నీళ్లిచ్చింది ఆమెనే. కానీ ఆ రాత్రి నేను కూడా అనుకున్నా, వీధి ఇంకొంచెం పెద్దదయింటే అని. అనుకోలేదని అబద్ధం చెప్పను.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే, 12 అడుగుల్లో 108 పడతాది. కారు ఒకటి నిలబెడితే సగం పోతాది, ఇంక పట్టదు. అదే 108 పెద్దాసుపత్రికి పోయేదారిలో 60 అడుగుల రోడ్డు మీద కూడా రెండుచోట్ల ఆగింది, అక్కడా రెండు పక్కలా కార్లే. 30 అడుగులు చేసినా రేపు రెండు వరసలు కార్లు నిలబెడతారు, మళ్లీ మిగిలేది నడుమ జాగానే కదా. పోయిన 9 అడుగులు మా అత్తమ్మ గది, అందులో నిలబడేది ఎవరిదో కారు. చిన్న కారు ఒకటి 13 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు, అంటే 70 చదరపు అడుగుల పైనే. కూరగాయల బండి ఒకటి పెట్టే జాగా 20, 22. ఒక కారు జాగాలో మూడు బండ్లు, మూడు సంసారాలు. కారు ఉండేవాళ్ల మీద నాకు పగ ల్యాదు, మా మరిదికీ ఉండాది, ఎక్కినా కూడా. అది ఇంటి ముందర దాకా రావాల్సిన పనేంది అంటాండా.

2009 అక్టోబర్ 2 మీలో ఎంతమందికి గుర్తుందో. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చిన రోజు. పాతబస్తీ అంతా నీళ్లే, మా కింది ఇల్లు కనపడకుండా పోయింది. అప్పుడు నాకు పెండ్లయి రెండేండ్లు, పెద్దోడు చంకలో. మేము మిద్దెనెక్కినాము, నీళ్లు ఇంకా పెరుగుతాంటే పక్క మిద్దె మీదికి, ఆ మిద్దె మీదనుంచి దాని పక్క రెండంతస్తుల ఇంటి మీదికి, వీధికి వీధి మిద్దెల మీద నడుచుకుంటా పోయినాము. ఇండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాయి కాబట్టి పోగలిగినాము. మసీదు పక్క ఇంట్లో రెండు రాత్రులు ముప్పై నలభై మందిమి ఉన్నాము, ఎవరి బియ్యమో ఎవరి పొయ్యో తెలీదు, పెద్దోడికి పాలు పట్టింది ఖాలా. నీళ్లు తీసినాక వీధిలో మోకాలు లోతు బురద, దాన్ని కూడా ఒకరింటిది ఒకరు ఎత్తిపోసుకున్నాము. ఇరుకు ఇరుకు అంటారు కదా, ఆ ఇరుకుతోనే మేము బతికి బయటపడ్డాము, నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఆ రాత్రి గుర్తొస్తాది.

అట్లని మావాళ్లంతా మంచోళ్లు అనుకోవద్దు. మెట్లు కాలువ దాటి వీధిలోకి జరిపినోళ్లు ఉండారు, పేర్లు చెప్తే రేపు కొళాయి కాడ నాకు బిందె పెట్టనీయరు. ఇంట్లో ముగ్గురుంటే నాలుగు మోటార్‌సైకిళ్లు, అన్నీ బయటే. పొద్దన చెత్తబండి పోయిన ఐదు నిమిషాలకు కవరు తెచ్చి మలుపులో పారేసే మహాతల్లి ఒకామె ఉండాది. పెండ్లి వస్తే డీజే, ఈ గోడల మధ్య ఆ సౌండ్‌కు గుండె జారిపోతాది. కుక్కలు, ఆ సంగతి వేరే జాబు రాయాల. వీటన్నిటికీ మమ్మల్ని తిట్టండి, జరిమానా వెయ్యండి, మెట్లు జరిపినచోట కొట్టెయ్యండి కూడా, నేను అడ్డం రాను.

మేము రోడ్డు బంద్ చేస్తే వీధి ఏమయితాదో మీరు ప్రతి ఏడూ చూస్తానే ఉండారు, గమనించలేదేమో. వినాయకచవితికి మావోళ్లు వీధి నడుమన పందిరేస్తారు, కేసీ కెనాల్‌లో నిమజ్జనం అయ్యే తొమ్మిదో రోజు దాకా కారు కాదు కదా ఆటో కూడా లోపలికి రాదు. ఆ తొమ్మిది రోజులు పాలు ఆగినాయా, గ్యాస్ సిలిండర్ ఆగిందా? సిలిండర్ అబ్బాయి బండి మొదట్లో పెట్టి దొర్లించుకుంటా వస్తాడు. పిల్లోళ్లు రాత్రి పదింటి దాకా వీధిలోనే, అమ్మలు నిమ్మళంగా ఉంటారు. రంజాన్ నెలంతా మాపటేళ ఇఫ్తార్ ముందర కూడా అంతే, మసీదు కాడ గంజి కోసం గిన్నెలు పట్టుకుని హిందువుల పిల్లోళ్లు కూడా వరసలో ఉంటారు, బండ్లు వాటంతటవే రావు. అంటే కారు రాకుండా వీధి నడుస్తాదా అనే పరీక్ష మా దగ్గర ఎప్పుడో అయిపోయింది.

ఢిల్లీలో చాందినీ చౌక్ మన పెద్ద మార్కెట్టు కంటే ఎన్నింతలు రద్దీనో, అక్కడ 2021 నుంచి పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకుండా చేసినారు. మన దేశంలో రవాణా పాలసీ అని 2006లోనే రాసుకున్నారంట, మనుషులు పోవడం ముఖ్యం, బండ్లు పోవడం కాదు అని. 2025లో సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ మీద నడవడం బతికే హక్కులో భాగమే అనింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది పోయినారు, అందులో 32 వేల పైన నడుచుకుంటా పోయేవాళ్లే. మా పెద్దోడు డిగ్రీ చదువుతాండాడు, వాడు వెతికి చెప్పినాడు ఇవన్నీ. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని మీ ఇంజనీర్ల పుస్తకాల్లోనే ఉండాదంట, అంటే ఆరడుగులు. రాజ్‌విహార్ నుంచి బస్టాండు దాకా నడిచి చూసి, ఆరడుగులు అడ్డం లేకుండా యాడ దొరికిందో నాకు చెప్పండి, నేనూ అక్కడే నడుస్తా. వెడల్పు చేసిన రోడ్లలో నడిచేవాళ్లకు ఎంత మిగిల్చినారో చూసినాకే మాకు భయం పుట్టింది.

సరే, వద్దు వద్దు అంటే సరిపోదు, ఏం కావాలో చెప్పమంటారు. మొదట కాలువలు. రెండు పక్కలా తెరిచి ఉండాయి, పూడిక తీసి పక్కనే కుప్ప పోస్తారు, రెండు రోజులకు అది మళ్లీ కాలువలోకే పోతాది, ఈ ఆట నేను పెండ్లయి వచ్చినప్పట్నించి చూస్తాండా. తీసిన పూడిక ఆ రోజే ఎత్తుకుపోండి, కాలువ మీద నాపబండలు వీధితో సమంగా పరచండి, కావాలంటే ఎత్తుకునేలాగా. ఆ పక్క అడుగున్నర, ఈ పక్క అడుగున్నర, మీకు మూడడుగులు ఊరికే దొరికినట్టే, ఒక్క గోడ కూడా పడదు. వీధి రెండు మొదళ్లలో ఇనుప గొట్టాలు నాటండి, 108 వస్తే తీసేలాగా తాళం ఉండేవి. తాళంచెవి ఒకటి మసీదులో, ఒకటి గుడిలో, ఒకటి ఉగ్గాని అంగట్లో పెడితే ఏ టైములోనైనా ఎవరో ఒకరు దొరుకుతారు. మార్కెట్టుకొచ్చే కార్లకు దూరంగా ఒక జాగా చూపించండి, డబ్బులు తీసుకోండి, ఊరికే ఇచ్చినంతకాలం వాళ్లు మా గడపలోనే పెడతారు. మలుపు కాడ లైటు వెలగక చానా నెలలయింది. మార్కెట్టు పక్క ఆడోళ్లకు బాత్రూము ఒకటి, పూలమ్మేవాళ్లు పొద్దన్నుంచి మాపటి దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటారు, ఎందుకు తాగరో మగోళ్లకు చెప్పినా అర్థం కాదు. బండ్లవాళ్లను లేపే ముందర 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి కార్డులివ్వండి, కమిటీలో వంద మందిలో నలభై మంది బండ్లవాళ్లే ఉండాలని అందులో ఉండాది. కావాలంటే మా ఉగ్గాని ఆమెను వేసుకోండి, మీటింగ్ ఎనిమిదిన్నర తర్వాత పెట్టండి.

మా ఊరికి కందెనవోలు అని పేరెందుకొచ్చిందో చిన్నప్పుడు బళ్లో చెప్పింటారు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందర ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవంట. బండ్లతో పేరొచ్చిన ఊరు మనది, బండ్లంటే మాకు పగ యాడుంటాది. కానీ ఆ బండ్లు కూడా ఇక్కడ ఆగినాయి సార్, ఆగి దిగినారు, అందుకే ఊరయింది. 1953లో రాజధాని వచ్చినప్పుడు జాగా చాలక గుడారాలేసి ఆఫీసులు నడిపినారు, ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని కొత్తగా కట్టుకున్నారు, మా వీధులను మాత్రం కదిలించలేదు. మూడేండ్లకు రాజధాని పోయింది, మా మామ తండ్రి పరిచిన బండలు మాత్రం ఉండాయి, ఇప్పుడు వాటి పక్క గోడ మీదనే మీ ఎర్ర నెంబరు ఉండాది, మా ఇంటిది 17.

ఈసారి టేపు వద్దు. మీరు, మీ పెద్దసారు, కుదిరితే ఇంట్లో ఆడోళ్లను కూడా తోలుకుని రండి, కారు బురుజు కాడ ఆపి నడుచుకుంటా రండి. అత్తమ్మ మళ్లీ నీళ్లిస్తాది, ఖాలా టీ ఇస్తాది, ఆమె టీలో చక్కెర ఎక్కువ, ముందే చెప్తాండా. ఏడున్నర లోపల రావాల మాత్రం, ఆ తర్వాత బజ్జీలు ఉండవు.

ఇట్లు,
17వ నెంబరు ఇంటి పెద్దకోడలు